ఏడు బొమ్మలూ ఒక కాలరూ

3 ఏప్రిల్ 1987

అత్తా,

నమస్కారాలు. ముందు శుభవార్త చెప్పేసి, తర్వాత నీ మోకాలి సంగతి అడుగుతాను. ఏమనుకోకు.

స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్ళవుతోందని ఇక్కడ పార్కులో ఏడుగురు పోరాట యోధుల విగ్రహాలు పెడుతున్నారు. ఏడూ నేనే చేస్తున్నాను. ఇన్నాళ్ళూ జనం ఇళ్ళ ముందు సింహాలూ, ఫౌంటెన్లలో చేపలూ పోసుకుంటూ బతికినవాణ్ణి. ఈ పని బాగా కుదిరితే మళ్ళీ జన్మలో సింహం ముట్టుకోను.

అసలు సంగతి ఇది. ఆ ఏడుగురిలో తాత ఉన్నాడు. లైబ్రరీ గోడకి వేలాడే ఫోటో నీకు గుర్తుందిగా. నలభైరెండులో మన ఊళ్ళో ఉద్యమం నడిపిన పెద్దాయన్ని అరెస్టు చేసి తాత దుకాణం ముందునుంచి నడిపించుకుపోతుంటే ఎదురుగా స్టూడియో ఆయన తీసింది. తాత పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి సాగనంపుతున్నాడు. పెదవులు గట్టిగా బిగించాడు. మెడలో దండ. కమిటీ అధ్యక్షుడు ఆ ఫోటో చూసి, "ఈ ఇద్దర్నీ విడదీయకూడదు, జంటగా ఒకే దిమ్మ మీద పెట్టాలి" అన్నాడు. ఆ జంటకి 'దృఢ సంకల్పం' అని పేరు కూడా పెట్టేశాడు.

ఫోటో ఎడమ అంచున ఒక పోలీసు సగం పడ్డాడు, ఒక చెవీ ఒక భుజమూ. వాణ్ణి కోసేశాను. దొరల కూలివాడికి మన పార్కులో ఏం పని.

నాకు నీ నుంచి రెండు కావాలి. ఫోటోలో తాత పక్కకి తిరిగి ఉన్నాడు, ముక్కు ఎదురుగా ఎలా ఉండేదో రాయి. ఫలకం మీద చెక్కడానికి ఆయన గురించి కూతురుగా ఒక్క వాక్యం రాయి. నాన్న ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి.

మోకాలు ఎలా ఉంది?

నీ మేనల్లుడు
శిల్పకళా నిలయం


12 ఏప్రిల్ 1987

బొమ్మలాయనకి,

మోకాలు అలాగే ఉంది. ఉత్తరం చివర నిలబడి అడిగావు కాబట్టి నేనూ నిలబడే చెప్తున్నాను.

నీ కాగితం మీద 'శిల్పకళా నిలయం' అని అచ్చు వేయించుకున్నావు. దాని కింద ఇంకా సింహమే ఉంది. ముందు దాని సంగతి చూడు.

మీ ఏడుగురి జాబితా చదివి చాలాసేపు నవ్వుకున్నాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది. జైలు లాయరు ఉన్నాడు, ఉండాల్సిందే. పదకొండుసార్లు జైలుకెళ్ళాడు, అబద్ధం కాదు. ప్రతిసారీ ఇంటినుంచి దిండు పట్టుకెళ్ళాడు. అది పోలీసులే మోశారు. బొమ్మకి చంకలో దిండు పెట్టకపోతే పోలికే రాదు. ఉపన్యాసాల పంతులూ ఉన్నాడు. ఆయన మొదలుపెడితే అరెస్టు చెయ్యడానికి వచ్చినవాళ్ళు గోడ నీడన కూర్చుని, అయ్యాక లేపమనేవారు. డాక్టర్ని మాత్రం ఏమీ అనను. దెబ్బలు తిన్నవాళ్ళకి కట్లు కట్టీ కట్టీ వాళ్ళ పుళ్ళ విషమే తనకీ ఎక్కి పోయాడు. అందుకే కాబోలు ఆయన్ని చిట్టచివర, మరుగుదొడ్డి పక్కన పెడుతున్నారు. నువ్వు పంపిన ప్లాను కాగితంలో చూశాను.

ఇక మా నాన్న. అబ్బాయ్, ఆ వీధిలో గడియారాలు బాగుచేసే అతని దగ్గర భూతద్దం అడిగి తీసుకో. ఫోటోలో ఆ దండ చూడు. దాని మీద అంకెలుంటాయి. అది టేపు. మా నాన్న దర్జీ, అది నీకు గుర్తుండే ఉంటుంది. పెదవులు కూడా చూడు. మధ్యలో మెరుస్తున్నవి గుండుసూదులు. నోట్లో నాలుగు సూదులు పెట్టుకున్న మనిషికి పెదవులు బిగుసుకోక విచ్చుకుంటాయా? పెద్దాయన్ని లాక్కెళ్తుంటే చొక్కా భుజం దగ్గర ఊడింది. ఆ సమయానికి మా నాన్న ఇనస్పెక్టరు యూనిఫాం కొలత సరిచూస్తూ గుమ్మంలో ఉన్నాడు. ఊడిన కుట్టు చూస్తే ఆగలేని మనిషి. వెళ్ళి పిన్ను పెట్టాడు. ఆయనకి దేశం కనబడలేదు, కుట్టు కనబడింది. అంతే మీ దృఢ సంకల్పం.

ముక్కు మామూలు ముక్కు. ఫలకం మీద ఇలా చెక్కు: 'ఈయన కుట్టిన చొక్కాకి గుండీ ఎప్పుడూ ఊడలేదు.' ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

ఆవిష్కరణకి నన్ను పిలవకు. ఆ ఊళ్ళో అడుగుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మీ బొమ్మల కోసం పెట్టను.

అత్త


20 ఏప్రిల్ 1987

అత్తా,

భూతద్దం తెచ్చాను. అంకెలున్నాయి. పదిహేడూ పద్దెనిమిదీ స్పష్టంగా కనబడుతున్నాయి. నీకిప్పుడు సంతోషమేనా?

నువ్వు తాతని ఎప్పుడూ ఇలాగే తీసిపారేస్తావని నాన్న చెప్పేవాడు. ఎందుకో నాకు తెలియదు. లోకంలో అందరూ తమ తాతలకి లేనివి అంటగడతారు, నువ్వు ఉన్నది పీకేస్తున్నావు. తుపాకులు పట్టుకున్న పోలీసుల మధ్యకి నడిచివెళ్ళి, వాళ్ళు పట్టుకున్న మనిషి చొక్కా సరిచెయ్యడం నాకైతే చిన్న పనిలా కనిపించలేదు. నువ్వొక్కదానివే దాన్ని చిన్నది చేస్తున్నావు.

మట్టి నమూనా అయిపోయింది. కమిటీవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు కూడా. అధ్యక్షుడు ఆ దండ ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. అది టేపని నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? మిగతా అయిదింటికీ ఒంటి అచ్చులు నా దగ్గర రెండే, నిలబడ్డదీ కూర్చున్నదీ. తలలు మారుస్తాను. ఈ జంట ఒక్కటే నేను మొదటినుంచీ చేత్తో చేసింది. అందుకే కోపం వచ్చింది.

మేనల్లుడు


29 ఏప్రిల్ 1987

ఒరేయ్,

కోపం వచ్చిందంటే చేతిలో పని ఉన్నట్టే. సంతోషం.

నేను మా నాన్నని తీసిపారెయ్యడం లేదు. మంచి మనిషి, గొప్ప దర్జీ. ముందు గదిలో కూర్చుని ఊరంతటినీ కొలిచాడు. వెనక గదిలో ఏం జరుగుతోందో మాత్రం చచ్చేదాకా ఆయనకి తెలియలేదు. నా ఒళ్ళు మండేది దానికి. గోడమీద ఉన్న ఫోటోనే చూస్తారు, ఆ గోడ వెనక ఏముందని ఒక్కరూ అడగరు. అడక్కపోయినా చెప్తాను. ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను, నీ దండ చూశాక ఇక మూసుకోలేను.

జైల్లో కాపలా కాసే పోలీసుల బట్టలన్నీ మన దుకాణంలోనే కుట్టేవాళ్ళం, బాగుచేసేవాళ్ళం. అవి ఉతికేది జైల్లో ఖైదీలే. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసింది ఊరు మొత్తంలో ఒక్క మా అమ్మే, మీ నానమ్మ. బయట దాక్కున్నవాళ్ళ కబురు ఎవరో ఒకరు చిరిగిన జేబులో పెట్టుకుని, కుట్టించుకునే వంకన తెచ్చేవారు. అమ్మకి చదువు రాదు. పంతొమ్మిదేళ్ళదాన్ని, నేను దాన్ని పల్చటి కాగితం మీద చీమల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. అమ్మ కాలర్ విప్పి, లోపలి గట్టి గుడ్డ పక్కన ఆ కాగితం పరిచి మళ్ళీ కుట్టేది. కాలర్ అడుగున ఒక్క ఎర్ర కుట్టు, అదే గుర్తు. ఉతికే దగ్గర ఒక ఖైదీ ఆ కుట్టు చూసి విప్పి కాగితం తీసేవాడు. జవాబు కూడా అలాగే వచ్చేది. తెల్లవాళ్ళ పోలీసు, తెల్లవాళ్ళిచ్చిన చొక్కా వేసుకుని, తెల్లవాళ్ళ జైల్లోకి మన కబురు మెడ చుట్టూ పెట్టుకుని నడిచి వెళ్ళేవాడు. రెండేళ్ళు. పెద్దాయన లోపల కూర్చుని ఉద్యమం నడిపాడని మీరు చెక్కుతున్నారే, ఆ నడిపింది ఇదిగో ఇలా.

ఎవరు పంపుతున్నారో లోపలివాళ్ళకి తెలియదు. తెలియకూడదనే కట్టుబాటు. కానీ తర్వాతయినా అడగొచ్చుగా. అంతా అయ్యాక, మంత్రిగా ప్రమాణం చెయ్యడానికి కోటు కుట్టించుకోవాలని పెద్దాయన మన దుకాణానికే వచ్చాడు. నాన్నకి జ్వరం, అమ్మే కొలతలు తీసింది. ఆయన మెడ నిమురుకుంటూ, "కాలర్ మెత్తగా పెట్టమ్మా, గుచ్చుకుంటే నేను భరించలేను" అన్నాడు. అమ్మ "అలాగేనండి" అంది. ఆయన వెళ్ళాక వెనక గదిలోకొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిందపడేలా నవ్వింది. నేను నవ్వలేదు, ఇప్పటికీ నవ్వు రావడం లేదు.

ఆ చొక్కా వేసుకున్న పోలీసు సంగతి వేరే. అడక్కు.

అత్త


10 మే 1987

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాన్నకైనా చెప్పలేదేం నువ్వు?

ఆగలేక మర్నాడే అధ్యక్షుడి ఇంటికి వెళ్ళి, ఎనిమిదో బొమ్మ నానమ్మది పెట్టాలని అడిగాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. టీ ఇప్పించాడు. తర్వాత, "ఆవిడ ఎన్నిసార్లు జైలుకెళ్ళింది?" అన్నాడు. ఒక్కసారీ పట్టుబడలేదన్నాను. "మరి కాగితం ఎలా?" అన్నాడు. కమిటీకి ఒక నియమం ఉందట. జైలుకెళ్ళినట్టు కాగితమైనా ఉండాలి, పెద్దాయనతో కలిసున్న ఫోటో అయినా ఉండాలి. తాత ఫోటో దారిన వచ్చాడు. నానమ్మకి రెండూ లేవు. పట్టుబడకుండా పనిచెయ్యడమే ఆవిడ గొప్పదనం కదండీ అంటే, "గొప్పదనానికి రుజువు ఉండాలిగా" అన్నాడు.

మళ్ళీ ఆయనే ఒక దారి చూపించాడు. దిమ్మ కింద అలంకారంగా జెండా పట్టుకున్న స్త్రీమూర్తి ఒకటి పెట్టుకోమన్నాడు. ఆ అచ్చు నా దగ్గర ఉంది, చాలా ఊళ్ళకి పోసి ఇచ్చాను. ముఖం కాస్త నానమ్మలా దిద్దితే సరి. పేరు ఉండదు, కానీ మనకి తెలుసుగా. ఏమంటావు?

మేనల్లుడు


18 మే 1987

అక్కర్లేదు.

మా అమ్మ జన్మలో జెండా పట్టలేదు. సూది పట్టింది. నీ గోదాంలో ఉన్న ఆ ఆడమనిషిని నేను చూశాను, మూడు ఊళ్ళ బస్టాండుల్లో. గాలి లేకపోయినా జుట్టు ఎగురుతుంటుంది. కుట్టుపని చేసే మనిషి జుట్టు గట్టిగా ముడేసుకుంటుంది, లేకపోతే మిషన్లో పడుతుంది.

ఆ కమిటీ ముందు ఇంకోసారి మా అమ్మ ఊసెత్తావంటే మర్యాదగా ఉండదు. టీ ఇచ్చారని మురిసిపోయావు.

అత్త


6 జూలై 1987

(కార్డు)

జవాబు లేదు. అలిగావా, పనిలో ఉన్నావా? అలిగితే అలుగు. పనిలో ఉంటే మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకో. ప్లాస్టర్ దుమ్ము మీ నాన్న ఊపిరితిత్తుల్ని ఏం చేసిందో చూశాం.

అత్త


17 ఆగస్టు 1987

అత్తా,

అలగలేదు. నీ మొహం చూడాలంటే సిగ్గేసింది. ఉత్తరంలో మొహం కనబడదనుకో, అయినా సిగ్గే. అందుకే ఏదైనా చేశాకే రాద్దామనుకున్నాను. చేశాను.

మట్టి నమూనా పగలగొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. దండ తీసేశాను. టేపు పెట్టాను, పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా అంకెలతో సహా. నోట్లో నాలుగు సూదులు పెట్టాను, ఇనప తీగ ముక్కలు. పెద్దాయన భుజం దగ్గర ఊడిన కుట్టు, దానికి తాత పెడుతున్న పిన్నూ చక్కగా కుదిరాయి. ఇప్పుడు చూస్తే తాత నిజంగా తాతలా ఉన్నాడు. పని ఆగదు, మనిషి ఆగడు అన్నట్టు.

ఇక నానమ్మ కోసం చేసింది చెప్తాను. దిమ్మ మీద పోలీసు లేడు కదా, అందుకని పెద్దాయన కాలర్ మీదే చేశాను. కాలర్ అంచు ఒక అంగుళం విప్పినట్టు చేసి, లోపలినుంచి కాగితం కొస కనబడేలా పెట్టాను. అడుగున ఎర్రరంగు ఇటుక పొడితో ఒక్క కుట్టు. అర్థం ఎటూ అదేగా. తెలిసినవాళ్ళు చూస్తే నానమ్మ కనబడుతుంది.

మొన్న ముసుగు తీశారు. బ్యాండు వాయించారు. ఉపన్యాసాల పంతులి మనవడు మాట్లాడాడు, వంశం గుర్తొచ్చింది. అధ్యక్షుడు దండ ఏదని అడిగాడు. టేపు చూపించాను. నావైపు గుర్రుగా చూసి, మైకులో మాత్రం "దేశాన్ని కొలిచిన దర్జీ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కాలర్ చూసి, పోతలో చిట్లిందా అని అడిగాడు. అవునన్నాను.

నువ్వు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండును. డాక్టర్ని మరుగుదొడ్డి పక్కనుంచి గేటు దగ్గరికి మార్పించాను. అది నా మాట విన్నారు.

నీ మేనల్లుడు


26 ఆగస్టు 1987

నాయనా,

ఉత్తరం అందింది. టేపుకీ సూదులకీ సంతోషించాను. డాక్టరుకి ఇంకా సంతోషించాను. చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకిది కొత్త, అలవాటు చెయ్యకు.

కానీ కాలర్ తప్పు మెడకి పెట్టావు. అర్థం అదే కాదు, అస్సలు అదే కాదు. పెద్దాయన కాలర్ ఎప్పుడూ శుభ్రంగానే ఉంది. దాంట్లో ఏనాడూ ఏమీ లేదు. చివరికి ఆ కాగితం కూడా ఆయన మెడకే చుట్టావంటే, నీ తప్పు లేదు, నీకు నేను చెప్పలేదు. అడక్కు అన్నాను. అడగనివాళ్ళని నలభై ఏళ్ళు తిట్టి, నువ్వు అడిగేవాడివని తెలిసి అడక్కు అన్నాను.

నువ్వు కోసేసిన పోలీసు. ఫోటో ఎడమ అంచున ఒక చెవి, ఒక భుజం. ఆ చొక్కా అతనిదే. ప్రతి సోమవారం తెచ్చేవాడు, ప్రతి గురువారం తీసుకెళ్ళేవాడు. అతనికి ఏమీ తెలియదనుకున్నాం మేం. తెల్లవాళ్ళ గాడిద మీద మన మూట అని నవ్వుకునేవాళ్ళం. ఒక గురువారం నాన్న లేడు. అతను చొక్కా తీసుకుని, కాలర్ వేలితో తడిమి, అమ్మతో, "ఈసారి కాస్త పల్చటి కాగితం పెట్టండమ్మా, మెడకి గుచ్చుకుంటోంది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. అమ్మ చేతిలోంచి కత్తెర జారి కింద పడింది. అప్పటికి ఏడాదయింది మేం మొదలుపెట్టి. ఆ తర్వాత ఇంకో ఏడాది మోశాడు.

నలభైనాలుగులో జైలు గేటు దగ్గర తనిఖీ చేశారు. కాలర్ కుట్టు ఊడి కాగితం కొస బయటికొచ్చింది. నువ్వు బొమ్మకి చేసినట్టే, ఒక అంగుళం. ఆ రోజు అమ్మకి ఒంట్లో బాగోక నేను కుట్టాను. తొందరలో చివర ముడి వెయ్యలేదు. అంత కుట్టుపని తెలిసినదాన్ని, ముడి వెయ్యలేదు.

ఎవరిచ్చారని అడిగారు. నేనే పెట్టుకున్నానన్నాడు. కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టారు. అదే మాట అన్నాడు. మన దుకాణం పేరు చెప్పలేదు. రెండేళ్ళ కఠిన శిక్ష వేశారు. మేం ఏం చేశామో తెలుసా? మిషన్ తొక్కుతూ కూర్చున్నాం. ఆ వారం యూనిఫాంలు ఆ వారమే పంపాం.

బయటికొచ్చాక ఉద్యోగం లేదు. సినిమా హాల్లో గేటు దగ్గర నిలబెట్టారు. ఊళ్ళో అందరికీ అతను దొరల కుక్కే. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. నేను ఆ హాలుకి ప్రతి ఆదివారం వెళ్ళాను, ఇరవై ఏళ్ళు. బొమ్మ నచ్చి కాదు. వంకర వేళ్ళతో నా టికెట్ చింపి సగం నా చేతిలో పెట్టేవాడు. ఒక్కనాడూ నావైపు తెలిసినట్టు చూడలేదు. నేను ఒక్కనాడూ నోరు విప్పలేదు. అతను పోయిన నెలలోనే నేను ఊరు వదిలేశాను. మీ పార్కునీ పెద్దాయన్నీ లాయరు దిండునీ ఇంతకాలం వెటకారం చేశాను కదా, అందరికంటే సిగ్గుపడాల్సింది నేను.

మీ అధ్యక్షుడికి జైలు కాగితమో ఫోటోనో కావాలన్నావు. ఇతనికి రెండూ ఉన్నాయి. రెండేళ్ళ శిక్ష కాగితం జైలు రికార్డుల్లో ఉంటుంది, వెళ్ళి తీయించు. ఫోటో లైబ్రరీ గోడకే ఉంది, నువ్వు కోసింది నీ కాపీనే. మీ ఏడుగురిలో రెండూ ఉన్నవాళ్ళు ఎందరో ఒకసారి లెక్కపెట్టుకోమను.

అచ్చులో పొయ్యకు. తల మార్చకు. పెద్దాయన కాలర్ మూసెయ్యి. ఫోటోలో మొహం సగమే ఉందని బెంగపడకు. మిగతా సగం నాకు తెలుసు, ఇరవై ఏళ్ళ ఆదివారాలు చూశాను. శుక్రవారం బస్సుకి వస్తున్నాను.

మట్టి తడిపి ఉంచు.

అత్త